ప్రాణమే లేని వైరస్ మందు కొడితే చస్తుందా?

పొందూరు రైతు:
వరి కోతకు ముందు మడిలో మినుము చల్లాను. ఇప్పుడు ఆకులు పసుపు తిరిగాయి, పల్లాకు తెగులు. కొట్టులో ‘వైరస్ చచ్చిపోద్ది’ అని డబ్బా ఇస్తే రెండుసార్లు కొట్టాను, ఏమీ చావలేదు. ఇంటర్ బైపీసీ చదివే మా వాడేమో, “నాన్నా, దానికి ప్రాణమే లేదు, చావడమేటి?” అంటున్నాడు. ప్రాణం లేనిది ఎకరమంతా ఎలా పాకింది?

విజయనగరం మాస్టారు:
మీ అబ్బాయిదే రైటు. వైరస్ తినదు, ఊపిరి తీయదు. ప్రొటీన్ గుల్ల, లోపల కాస్త డీఎన్ఏ గానీ ఆర్ఎన్ఏ గానీ, అంతే. కొన్నిటికి పైన కొవ్వు పొర. ప్రొటీన్లు చేసే రైబోజోములు కూడా లేవు, కణంలో దూరి దాని సరంజామాతోనే నకళ్లు చేయించుకుంటుంది. 1935లో వెండెల్ స్టాన్లీ పొగాకు మొజాయిక్ వైరస్‌ను పటికబెల్లంలా స్ఫటికాలు కట్టించాడు. అవి ఆకుకు రాస్తే మళ్లీ తెగులు! 1946లో ఆయనకు నోబెల్‌లో వాటా వచ్చింది, అదీ కెమిస్ట్రీలో.

సైజు చూడండి. మన పేగుల్లో ఉండే ఈ.కోలి బ్యాక్టీరియా పొడవు సుమారు 2 మైక్రోమీటర్లు, అంటే 2000 నానోమీటర్లు. దాన్ని ఆర్టీసీ బస్సంత అనుకుంటే, 30 నానోమీటర్ల పోలియో వైరస్ తాటికాయంత. మీ మినుములోదీ ఇంచుమించు అంతే పొడవు, కాకపోతే రెండు కమలాపళ్లు అతికించినట్టు జంటగా ఉంటుంది. మామూలు మైక్రోస్కోపుకు 200 నానోమీటర్ల లోపువి విడిగా ఆనవు.

రాజాం ల్యాబ్:
మాస్టారూ, సైజు సంగతి పాతబడింది. ఇంగ్లండులో 1992లో అమీబాలో దొరికినదాన్ని బ్యాక్టీరియా అనుకున్నారు. అది వైరస్ అని 2003లో తేలింది, పేరు మిమీవైరస్. 2013లో ప్రకటించిన పండోరావైరస్ సుమారు 1 మైక్రోమీటరు, మీ బస్సులో సగం. 2008లో ఇంకో వింత: మిమీవైరస్ చుట్టానికే స్పుత్నిక్ అనే చిన్న వైరస్ పట్టింది. ప్రాణం లేనిదానికి జబ్బెలా వస్తుంది?

విజయనగరం మాస్టారు:
దొంగ సొత్తును ఇంకో దొంగ దోచాడు. అమీబాలో పెద్దది పెట్టుకున్న ఫ్యాక్టరీని చిన్నది వాడుకుంది. ఇల్లు అమీబాదే.

రాజాం ల్యాబ్:
బస్తాలో విత్తనమూ కదలదు కదా?

పొందూరు రైతు:
ఇది నాకు తెలుసు బాబూ. తేమ గింజల బస్తాలో చెయ్యి పెట్టండి, వేడి తగులుతుంది. గింజ ఊపిరి తీస్తది.

రాజాం ల్యాబ్:
ఆ పోలిక వదిలేస్తాను. కానీ సీసాలో ఉన్నప్పుడు చూసి ప్రాణం లేదనడం నాకు నచ్చదు. కణంలోకి వెళ్లాక అది పెరుగుతుంది, మారుతుంది, పరిణామం చెందుతుంది. అప్పుడు చూడండి.

విజయనగరం మాస్టారు:
అప్పుడు బతికున్నది కణం! సరే, చేను సంగతి. మొక్కలో చేరిన వైరస్‌ను పోగొట్టే పిచికారీ మందు లేదండీ. దాన్ని మోసేది తెల్లదోమ. తొలిరోజుల్లోనే పసుపు మొక్కలు పీకెయ్యాలి, దోమకు పసుపు జిగురు అట్టలు పెట్టాలి. వచ్చే ఏడు తట్టుకునే రకం విత్తనం వెయ్యండి.

పొందూరు రైతు:
పీకేస్తాను. డబ్బాలో ఇంకా సగం ఉంది, కొట్టువాడు వెనక్కి తీసుకుంటాడా?