కొలెస్ట్రాల్ ఎక్కువున్నప్పుడు మొటిమలకు ఐసోట్రెటినోయిన్ వేసుకోవచ్చా?

కాజీపేట_జంక్షన్:
తమ్ముడికి 24 ఏండ్లు, 62 కిలోలు. ముఖం మీద, వీపు మీద గడ్డల లెక్క మొటిమలు, తగ్గినకాడ గుంటలు పడుతున్నయి. హన్మకొండల స్కిన్ డాక్టర్ ఐసోట్రెటినోయిన్ 20 మి.గ్రా. రోజుకొకటి అని చెప్పి, ముందు రక్తపరీక్ష చేయించుకొని రమ్మన్నరు. రిపోర్టు: మొత్తం కొలెస్ట్రాల్ 246, ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) 158, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 38, ట్రైగ్లిజరైడ్లు (రక్తంల ఉండే ఇంకో తీరు కొవ్వు) 250. కాలేయం పరీక్ష ఎస్‌జీపీటీ 32. ఈ గోలీతోని కొలెస్ట్రాల్ ఇంకా పెరుగుతదని మెడికల్ షాపుల అంటున్నరు. డాక్టర్ దగ్గరికి మళ్ల పోయేలోపు ఏమేం తెలుసుకోవాలె? నూనె మొత్తం బంద్ పెడితే సరిపోతదా?

ఓరుగల్లు_స్కిన్:
ముందు ఆ 246ను పక్కన పెట్టి ట్రైగ్లిజరైడ్ల 250 దగ్గర ఆగండి. ఐసోట్రెటినోయిన్ విటమిన్ ఎ జాతి మందు. కాలేయం కొవ్వును రక్తంలోకి పంపడం ఇది పెంచుతుంది, రక్తంలోంచి ఆ కొవ్వు ఖర్చయ్యే వేగాన్ని తగ్గిస్తుంది. అందుకే అన్నిటికంటే ఎక్కువగా ఎగబాకేవి ట్రైగ్లిజరైడ్లు. ఎల్‌డీఎల్ కొద్దిగా పెరుగుతుంది, హెచ్‌డీఎల్ కొద్దిగా తగ్గుతుంది. ఎల్‌డీఎల్ చేసే చెరుపు ఏళ్ల మీద తేలేది, కొన్ని నెలల కోర్సులో దాని గురించి అంత కంగారు లేదు. ట్రైగ్లిజరైడ్లు అలా కాదు. 1000 దరిదాపులకు పోతే క్లోమం వాచే ప్రమాదం ఉంది. పైకడుపులో మొదలై వీపులోకి పొడిచే నొప్పి, దాంతో వాంతులు వస్తే గోలీ ఆపేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

250 ఉందని మందు ఇవ్వరనేమీ లేదు. కానీ ఆ అంకె నిజమైనదేనా? రక్తం ఇచ్చే ముందు 10 నుంచి 12 గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదు, ఒక్క చాయ్ తాగినా లెక్క తప్పుతుంది. మేడారం నుంచి వచ్చి, ఇంకా యాట కూర, కల్లు సాగుతున్న వారంలో ఇచ్చిన శాంపిల్‌నూ నమ్మలేం. వారం పది రోజులు మామూలు తిండి తిని, పరగడుపున మళ్లీ చేయించండి. దాంతోపాటు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), ఫాస్టింగ్ షుగర్ కూడా. థైరాయిడ్ మందగించినా ఈ కొవ్వులు పెరుగుతాయి, అప్పుడు సరిచేయాల్సింది దాన్ని.

రెండోసారీ అంతే వస్తే సాధారణంగా తక్కువ డోసుతో మొదలుపెట్టి, నాలుగో వారంలో ఒకసారి, మళ్లీ ఎనిమిదో వారంలో ఒకసారి లిపిడ్లు (రక్తంలోని ఈ కొవ్వులన్నీ), ఎస్‌జీపీటీ చూస్తారు. ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే డోసు తగ్గించడమో, ట్రైగ్లిజరైడ్లకు మందు కలపడమో చేస్తారు. 800 దాటితే ఆపేస్తారు. ఆపాక కొన్ని వారాల్లో పాత అంకెకు దిగుతాయి.

తక్కువ డోసుకు ఒక చిక్కుంది. కోర్సు మొత్తం మీద కిలోకు 120 నుంచి 150 మి.గ్రా. పడాలన్నది వాడుకలో ఉన్న లెక్క. 62 కిలోలకు కనీసం 7,440 మి.గ్రా. రోజుకు 20 అయితే 372 రోజులు, 40 అయితే 186. మొఖం శుభ్రపడిందని నాలుగో నెలలో ఆపేసేవాళ్లకే ఎక్కువగా తిరగబెడుతుంది.

సర్వపిండి:
నూనె మొత్తం బంద్ పెట్టుడు రెండు తీర్ల తప్పు. ఈ మందు కొవ్వులనే కరుగుతది. ఖాళీ కడుపు మీద మింగితే కొవ్వున్న తిండితో పట్టేదాంట్ల సగం కూడ ఒంటికి పట్టదు. పెద్ద భోజనం తోటే వేసుకోవాలె. ఆ పూట గుడ్డో, పిడికెడు పల్లీలో, పల్లి చట్నీయో ఉంటే చాలు. సకినాలు, గారెల మీద పడొద్దు మరి.

రెండోది, నూనె మానినోళ్లు ఆకలికి అన్నం డబుల్ తింటరు. ట్రైగ్లిజరైడ్లను ఎక్కించేది ఆ తెల్లన్నం, చక్కెర చాయ్, కూల్‌డ్రింకులే. అన్నం సగం చేసి పప్పు, ఆకుకూర పెంచుమనుండ్రి. జొన్నరొట్టె మంచిదే, అట్లని నాలుగు తింటే లాభం లేదు. కల్లు, బీరు కోర్సు అయ్యేదాకా ముట్టొద్దు. కొవ్వుకూ కాలేయానికీ రెండింటికీ దెబ్బే.

మందుల_చీటీ:
పక్కన ఏ మందులు నడుస్తున్నాయో డాక్టర్‌కు చీటీ చూపించండి. మొటిమలకు ఇచ్చే యాంటీబయాటిక్‌లు డాక్సీసైక్లిన్, మినోసైక్లిన్ దీంతో కలపకూడదు, తలలో ఒత్తిడి పెరిగి విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం వస్తాయి. విటమిన్ ఎ ఉన్న మల్టీవిటమిన్లు ఆపాలి. కొలెస్ట్రాల్ గోలీ అటోర్వాస్టాటిన్ ప్రధానంగా ఎల్‌డీఎల్‌ను దించుతుంది, ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువైతే ఫెనోఫైబ్రేట్ రాస్తారు. ఇవి ఐసోట్రెటినోయిన్‌తో కలిసినప్పుడు కండరాల నొప్పుల మీద కన్నేసి ఉంచాలి, మూత్రం ముదురు రంగులో వస్తే వెంటనే చెప్పాలి. రక్తపరీక్షకు ముందు రెండు మూడు రోజులు జిమ్‌లో బరువులెత్తొద్దు. కండరం అలిసినా ఎస్‌జీఓటీ (ఇంకో కాలేయ పరీక్ష) పెరిగి కాలేయం మీద అనుమానం పుడుతుంది.

కోర్సులోనూ, అయ్యాక నెల రోజులూ రక్తదానం చేయొద్దు. ఇది చదివే ఆడపిల్లలకు: ఈ మందు గర్భంలోని బిడ్డకు తీవ్రమైన లోపాలు కలిగిస్తుంది. మొదలుపెట్టే ముందు గర్భపరీక్ష తప్పనిసరి. నెల ముందు నుంచి, అయ్యాక ఇంకో నెల దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. అందుకు ఈస్ట్రోజెన్ ఉన్న గోలీలు వాడితే అవి కూడా ట్రైగ్లిజరైడ్లను పెంచుతాయి, డాక్టర్‌కు ముందే చెప్పండి.

కాజీపేట_జంక్షన్:
రక్తం ఇచ్చిన రోజు పొద్దుగాల చాయ్ తాగిండట! మళ్ల చేయిస్తం. ఒకవేళ అప్పుడు గూడ ఎక్కువొచ్చి డాక్టర్ వద్దంటే వేరే తొవ్వ ఏమన్న ఉందా?

ఓరుగల్లు_స్కిన్:
ఉంది. అడాపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్ పైపూత, దాంతో డాక్సీసైక్లిన్ మూడు నెలల దాకా. ఇవి కొవ్వుల జోలికి పోవు. అడాపలీన్ రాత్రి శనగగింజంత తీసి మొఖమంతా పలుచగా పూయాలి, మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు. బెంజాయిల్ తువ్వాళ్ల రంగు పోగొడుతుంది, పాతది వాడండి. గుంటలు పడే గడ్డలకు ఇవి ఐసోట్రెటినోయిన్ అంత బలంగా పనిచేయవు, అందుకే ట్రైగ్లిజరైడ్లు దిగాక డాక్సీసైక్లిన్ ఆపి మళ్లీ దానికే వస్తారు. ఈలోగా షాపులో అడిగి తెచ్చే తెల్లబడే క్రీములు మాత్రం వద్దు, చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, ఆపాక మొటిమలు ఇంకా ఎక్కువవుతాయి.