ఆరో తరగతికి లినో ఉలి ఇవ్వొచ్చా? బంగాళాదుంప చాలదా?

రంగులపెట్టె:
డ్రాయింగ్ పీరియడ్ 40 నిమిషాలు, క్లాసులో 45 మంది. ఆరో తరగతికి అచ్చుల పాఠం మొదలుపెట్టాలి. బంగాళాదుంపతో సరిపెట్టాలా, లినో షీటు (ఉలితో చెక్కి అచ్చులేసే లినోలియం ముక్క) తెప్పించాలా?

సిరామరక:
లినో వద్దండీ. ఉలి జారితే వేలు తెగుతుంది. బంగాళాదుంప, బెండకాయ, పోస్టర్ కలర్ చాలు.

పెడనదిమ్మ:
జారేది బంగాళాదుంపే. కోసిన ముఖం నీరు కారుతుంటే దాన్ని చేతిలో పట్టుకుని చాకుతో చెక్కాలి. లినో బల్ల మీద ఉంటుంది. 30×20 సెం.మీ. ప్లైవుడ్ ముక్కకు ఇవతలి అంచున కింద ఒక పట్టీ, అవతలి అంచున పైన ఒక పట్టీ కొట్టించండి. కిందది బల్ల అంచుకు తన్నిపెడుతుంది, పైదానికి లినో ఆనుతుంది. ఉలి ఎప్పుడూ అవతలికే పోవాలి, రెండో చెయ్యి ఉలి వెనకే ఉండాలి. ఎక్కువగా తెగేది మొద్దు ఉలితో. బలం పెట్టి తోస్తారు, ఒక్కసారిగా జారుతుంది. షీటు బిరుసుగా ఉంటే పది నిమిషాలు ఎండలో పెట్టండి, మెత్తబడుతుంది.

సిరామరక:
దుంప నీరు కారితే న్యూస్‌పేపర్ మీద పది నిమిషాలు బోర్లించండి. అదొక సమస్యా?

చిన్నబడి:
మర్నాటికి దుంప ముడుచుకుపోతుంది. అదే పీరియడ్‌లో అచ్చేయాలి.

తెలుగుబోర్డు:
పేర్లు చెక్కితే అక్షరాలు తిరగబడుతున్నాయి. దానికేం చేయాలి?

పెడనదిమ్మ:
ట్రేసింగ్ పేపర్ మీద మెత్తటి పెన్సిల్‌తో మామూలుగా రాయించి, లినో మీద బోర్లించి వెనక రుద్దించండి. దిమ్మ మీద తిరగబడి పడుతుంది, అచ్చులో సరిగా వస్తుంది.

రంగులపెట్టె:
రోలర్‌తో పోస్టర్ కలర్ వేస్తే సన్నగీతలు పూడిపోతున్నాయి.

పెడనదిమ్మ:
రంగు ఎక్కువైంది. గాజు పలక మీద అర టీస్పూన్ వేసి, రోలర్ కింద చిటచిటమని సన్నని చప్పుడు వచ్చేదాకా పరచండి. పచపచమంటే ఇంకా మందంగా ఉన్నట్టే. పోస్టర్ కలర్ ఎండలకు తొందరగా ఆరిపోతుంది, నాలుగు చుక్కలు గ్లిజరిన్ కలపండి. కాగితం వేశాక స్పూన్ వెనకవైపుతో నడిమి నుంచి అంచులకు రుద్దాలి. ఒక మూల ఎత్తి చూసుకోవచ్చు, కాగితం మాత్రం కదలకూడదు.

సిరామరక:
అన్నీ బాగానే చెబుతున్నారు. 45 ఉలులు ఎవరు కొంటారు? చాక్‌పీసులకే డబ్బు అడుక్కునే బళ్లున్నాయి సార్.

పెడనదిమ్మ:
45 ఎందుకు? ఎనిమిది ఉలులు, ఎనిమిది పట్టీల ప్లైవుడ్ ముక్కలు. ఎనిమిది మంది చెక్కుతుంటే మిగతావాళ్లు బొమ్మ గీస్తారు, రుద్దుతారు. అసలు మీ ఇబ్బంది ఉలి కాదు మేడం. పోయిన నెల మీరు పెట్టిన ఫొటోలో ముప్ఫై అచ్చులూ ఒకే నెమలి. దిమ్మ మీరే చెక్కారు. అది అచ్చు నేర్పడం కాదు, స్టాంపు కొట్టించడం.

సిరామరక:
అవును, నేనే చెక్కాను! పేరులో కలంకారీ అద్దకాల పెడన పెట్టుకున్నారు కదా, అక్కడ టేకు దిమ్మ చెక్కేవాళ్లు వేరు, బట్ట మీద అద్దేవాళ్లు వేరు. అద్దేవాళ్లది పని కాదా? పక్కపక్క అచ్చులు అతుకు తెలియకుండా కలవడం, చెయ్యి ఒకే ఒత్తిడి వేయడం, రెండో రంగు మొదటిదాని మీద సరిగ్గా పడటం, ఇవన్నీ నేర్చుకున్నారు మా పిల్లలు. ప్రతి బిడ్డా శుభ్రమైన అచ్చు ఇంటికి పట్టుకెళ్లింది. సగం తెగిన లినో పట్టుకుని ఏడుస్తూ వెళ్లలేదు.

పెడనదిమ్మ:
అద్దకం పనే, ఆ మాట వెనక్కి తీసుకుంటాను. కానీ చిత్రకారుడు నందలాల్ బోస్ 1930లో దండి యాత్ర గాంధీని లినోలో చెక్కారు, నల్లటి నేల మీద తెల్లగీతలతో. తీసేసిన చోటు తెలుపు, వదిలిన చోటు నలుపు. ఆ లెక్క పిల్లవాడి చేతికి అందాలంటే వాడే చెక్కాలి. మొదటి దిమ్మ పాడైతే పాడవనివ్వండి.

చిన్నబడి:
ఉలి లేకుండా దిమ్మ వాళ్లే చేసుకునే దారి ఉంది కదా. అట్టను కత్తెరతో కత్తిరించి, ఇంకో అట్ట మీద అతికించి, నీళ్లు కలిపిన ఫెవికాల్ పూత వేయాలి. పూత లేకపోతే అట్ట రంగు పీల్చేసి రెండో అచ్చుకే ఉబ్బుతుంది. దారం, ఆకు ఈనెలు కూడా అతికించొచ్చు. ఒకదాని మీద ఒకటి మూడు పొరలు మాత్రం వద్దు, కింది పొరకు రంగు అందదు.

సిరామరక:
ఇది ఒప్పుకుంటాను. ఆరో తరగతికి ఉలి ఒప్పుకోను.

పెడనదిమ్మ:
అట్టలో అతికించిందే పడుతుంది. తీసేయడం ఎప్పుడు నేర్పుతారు?

రంగులపెట్టె:
ఫెవికాల్ పూత ఎంతసేపు ఆరాలి?

చిన్నబడి:
ఒక రాత్రి. తడి ఉండగా రంగు వేస్తే కాగితం అంటుకుని చిరుగుతుంది.