అతి పెద్ద భూకంపం అంచనా: రెండు పద్ధతుల్లో రెండు అంకెలు వస్తున్నాయి, ఏది రాయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. కోర్సు ప్రాజెక్టులో భాగంగా ఒక డ్యామ్ స్థలానికి భూకంప ప్రమాదం లెక్క వేస్తున్నాను. నా కేటలాగ్‌లో, అంటే ఈ ప్రాంతపు పాత భూకంపాల జాబితాలో, సుమారు వందేళ్ల రికార్డు ఉంది. అందులో అన్నిటికన్నా పెద్దదాని మాగ్నిట్యూడ్ (భూకంప పరిమాణం) 5.6. దానికి 0.5 కలిపితే చాలని సీనియర్లు చెప్పారు, అంటే 6.1. కానీ స్థలానికి దగ్గర్లోనే మ్యాప్‌లో 60 కిలోమీటర్ల ఫాల్ట్ (రాళ్లు జారే భూమి పగులు) కనిపిస్తోంది. ఆ పొడవును, చీలిక పొడవు నుంచి మాగ్నిట్యూడ్ చెప్పే వెల్స్, కాపర్‌స్మిత్ సూత్రంలో వేస్తే 7.1 వస్తోంది. సగటు తీసి 6.6 అని రాసేయొచ్చా? సబ్మిషన్ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు:
సగటు మాత్రం వద్దండి. ఒక యూనిట్ తేడా అంటే విడుదలయ్యే శక్తిలో సుమారు 32 రెట్ల తేడా. పైగా 6.1 అనేది వందేళ్లలో చూసినదానికి కాస్త జాగ్రత్త కలిపిన అంకె. 7.1 అనేది ఆ ఫాల్ట్ మొత్తం ఒకేసారి చీలితే వచ్చేది. రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

ఆ 0.5 వెనక పెద్ద సిద్ధాంతమేమీ లేదు. నెమ్మదిగా కదిలే ఫాల్ట్ వేల ఏళ్లకోసారి తెగొచ్చు, అలాంటిది వందేళ్ల జాబితాలో లేకపోతే వింతేముంది? జపాన్‌లో 2011కు ముందు తోహోకు తీరానికి వేసిన అధికారిక అంచనాల్లో 9 స్థాయి భూకంపం లేదు. అక్కడి రికార్డు వందేళ్లది కాదు, అంతకన్నా చాలా పాతది. 869లో వచ్చిన జోగన్ సునామీ మోసుకొచ్చిన ఇసుక పొరలు సెందాయ్ మైదానంలో అప్పటికే బయటపడ్డాయి కూడా. లెక్కలోకి మాత్రం సరిగా ఎక్కలేదు.

ఇక మీ 7.1 సంగతి. 1994 నాటి ఆ సూత్రం ఇది: మాగ్నిట్యూడ్ = 5.08 + 1.16 × లాగ్ (పొడవు కిలోమీటర్లలో). అందులో వేయాల్సింది ఒక్క భూకంపంలో నేల మీద కనిపించే చీలిక పొడవు. మ్యాప్‌లో గీసిన ఫాల్ట్ పొడవంతా చీలుతుందని ఎవరన్నారు? సగమే, అంటే 30 కిలోమీటర్లే చీలితే 6.8. మూడో వంతయితే 6.6. గమనించారా, పొడవు సగానికి తగ్గినా అంకె 0.3 మాత్రమే దిగింది. పొడవు విషయంలో మరీ కంగారు అక్కర్లేదు. అసలు ఆ ఫాల్ట్ ఈమధ్య కాలంలో, భూగర్భ శాస్త్ర లెక్కలో ఈమధ్య, కదిలిందా లేదా అన్నదే పెద్ద ప్రశ్న. కందకం తవ్వి పొరల వయసు తేల్చిన నివేదిక ఏదైనా ఉందేమో ముందు వెతకండి.

మొమెంట్‌తో (చీలిన వైశాల్యం, జారుడు, రాతి దృఢత్వం గుణిస్తే వచ్చేది) కూడా ఒకసారి సరిచూసుకోండి. 60 కిలోమీటర్ల పొడవు, 15 కిలోమీటర్ల వెడల్పు, సగటున 2 మీటర్ల జారుడు, రాతి దృఢత్వం 30 గిగాపాస్కల్స్ అనుకుంటే దాదాపు 7.1 వస్తుంది. మీ దగ్గర భూకంపాలు 10 కిలోమీటర్ల లోతు దాటకపోతే ఆ వెడల్పు తగ్గించాలి.

ఇంకొకరి జవాబు:
పైన చెప్పింది బాగుంది గానీ, వ్యతిరేక దిశలో కూడా చూడాలి. 1992లో కాలిఫోర్నియాలోని లాండర్స్ దగ్గర ఐదు వేర్వేరు ఫాల్ట్‌లు కలిసి చీలి 7.3 వచ్చింది. 2016లో న్యూజిలాండ్‌లోని కైకోరాలో డజనుకు పైగా కలిశాయి, 7.8. మీ ఫాల్ట్ చివర ఇంకో ఫాల్ట్ మొదలవుతోందా? మధ్య ఎడం ఎంత? స్ట్రైక్ స్లిప్ రకంలో, అంటే రెండు వైపులా నేల పక్కకు జారే ఫాల్ట్‌లలో, 5 కిలోమీటర్లకు మించిన ఎడాన్ని చీలిక దాటడం అరుదు. అంతకన్నా తక్కువుంటే ఆ అవకాశాన్నీ రాయాలి.

అడిగినవారు:
చాలా థాంక్సండి. చివర ఎడం 9 కిలోమీటర్లు, కాబట్టి అది వదిలేస్తాను. గుటెన్‌బర్గ్–రిక్టర్ గీతను (ఏ పరిమాణం భూకంపాలు ఎంత తరచుగా వస్తాయో చూపేది) పొడిగిస్తే పై హద్దు తెలుస్తుందా?

జవాబు:
తెలియదు. ఆ గీత ఎంత పొడిగించినా ఎక్కడా ఆగదు. 6 ఎన్నేళ్లకోసారి, 7 ఎన్నేళ్లకోసారి అని చెబుతుందే తప్ప, ఎక్కడ ఆపాలో మనమే చెప్పాలి.

రిపోర్టులో ఒకే అంకె పెట్టకండి. లాజిక్ ట్రీలో, అంటే వేర్వేరు అంచనాలకు వెయిట్ ఇచ్చి లెక్కలోకి తీసుకునే పద్ధతిలో, 6.6, 6.8, 7.1 అని మూడు కొమ్మలు పెట్టండి. దేనికి ఎంత వెయిట్ ఇస్తున్నారో, ఎందుకో ఒక్కో వాక్యం రాయండి. మూడింటితోనూ విడివిడిగా రన్ చేస్తే తేడా ఎంతో కనబడుతుంది. 475 ఏళ్ల రిటర్న్ పీరియడ్‌కు (సగటున అన్నేళ్లకోసారి వచ్చే స్థాయి కంపనం) పెద్దగా తేడా రాకపోవచ్చు. డ్యామ్‌కు అడిగే 10,000 ఏళ్లకు మాత్రం బాగా తేలుతుంది.

మీ 6.1 ఊరికే పోదు, ఫాల్ట్ ఏదీ గుర్తించని చుట్టుపక్కల జోన్‌కు పనికొస్తుంది. అయితే అక్కడ కూడా నేనైతే 6.5 పెడతాను. 1993లో లాతూర్ దగ్గర ఎవరూ ఊహించని చోట 6.2 వచ్చింది కదా. ఇంకో మాట, మీ 5.6 ఏ స్కేలుది? పాత కేటలాగుల్లో అన్ని రకాలూ కలిసిపోయి ఉంటాయి.

అడిగినవారు:
చూశాను, ఎంబీ (బాడీ వేవ్ మాగ్నిట్యూడ్, భూమి లోపలి తరంగాలతో కొలిచేది) అని ఉంది. కేటలాగ్ మొత్తాన్ని మొమెంట్ మాగ్నిట్యూడ్‌లోకి మార్చి మళ్లీ రన్ చేస్తాను.