హాయిగా సాగే ఆడవాళ్ళ నవలలు: ఏవి చదవాలి, ఏవి చూసి కొనాలి?

పెన్నాగట్టు (నెల్లూరు)
చిక్‌లిట్ అంటారే, ఆ తరహా నవలలు చెప్పండి. హీరోయిన్‌కి తనదంటూ ఒక బుర్ర ఉండాలి, మధ్యలో ప్రేమ ఉండాలి, చివర్లో ఎవరూ చచ్చిపోకూడదు. తెలుగువి ముందు, ఇంగ్లీషువి తర్వాత. నెల్లూరులో రైలెక్కి చెన్నైలో దిగేలోపు సగమన్నా అయిపోయేవైతే బో మేలు.

మొలగొలుకులు (కావలి)
పొత్తూరి విజయలక్ష్మి ‘ప్రేమలేఖ’తో మొదలుపెట్టండి. 1984లో జంధ్యాల తీసిన ‘శ్రీవారికి ప్రేమలేఖ’కి మూలం ఇదే. ఊహల్లోని మొగుడికి ఓ అమ్మాయి రాసిన ఉత్తరం నిజం మనిషి చేతిలో పడితే ఏమవుతుందనేదే కథ. ఇది ‘చతుర’లో వచ్చిన నవల. చతుర పత్రిక అంటే అప్పట్లో నెలకో నవల, మొత్తం ఒకే సంచికలో. అందుకని సాగదీత ఉండదు, కూర్చుంటే అయిపోద్ది. సినిమా చూశాం గదా అని వదిలెయ్యబాకండి. నవ్వంతా మాటల్లో ఉంది, కథ ముందే తెలిసినా తగ్గదు.

దోర్నాల ఘాటు (మార్కాపురం)
యద్దనపూడి సులోచనారాణి పేరు లేకుండా ఈ చర్చేంది? ‘సెక్రటరీ’ చదవండి. జయంతి, రాజశేఖరం. తెలుగులో ఆఫీసు ప్రేమకథలన్నిటికీ అమ్మమ్మ అది.

మొలగొలుకులు (కావలి)
కాదన్లేదు. కానీ దాన్ని రైల్లో చదవమని చెప్పను. అవి పత్రికల్లో సీరియల్‌గా వచ్చిన నవలలు. ప్రతి భాగం చివర ఒక ముడి పడాలి, లేకపోతే పాఠకురాలు తర్వాతి సంచిక కొనదు. ఆ ముడి కోసం హీరోయిన్ అపార్థం చేసుకోవాలి, హీరో నోరు విప్పకూడదు. నెలల తరబడి చదివినవాళ్ళకి అది ఊరింపు. ఒకే బిగిన చదివితే మూడో అపార్థం దగ్గరే “ఒక్క మాట అడిగితే పోయేదానికి!” అని పుస్తకం మూసేస్తాం. రోజుకి రెండు మూడు ప్రకరణాలు చదివి ఆపండి, అప్పుడే రుచి తెలుస్తుంది. ఇంకోటి, రాజశేఖరాన్ని ఈ కాలం మేనేజరుతో పోల్చబాకండి. ఆఫీసులో అంత మౌనంగా, అంత బిగుసుకుని తిరిగే మనిషిని ఇప్పుడెవరూ ప్రేమించరు, ఫిర్యాదు చేస్తారు.

దోర్నాల ఘాటు (మార్కాపురం)
ఫిర్యాదు మాట ఒప్పుకుంటా. అయితే ‘మీనా’ తీసుకోండి. అదుపాజ్ఞలు పెట్టే తల్లి, డబ్బున్న ఇల్లు, పల్లెలో చుట్టాల కుటుంబం. ‘సెక్రటరీ’ కన్నా గాలి ఎక్కువ ఆడుతుంది. 1973లో విజయనిర్మల సినిమా తీశారు. ఒక్క జాగ్రత్త, ‘మీనా’ రెండు భాగాలు. పాత పుస్తకాల దుకాణాల్లో మొదటి భాగం ఒక్కటే దొరుకుతుంటుంది. రెండోది చేతికొచ్చేదాకా మొదటిది తెరవొద్దు.

వేపకొమ్మ (కందుకూరు)
యండమూరి ‘వెన్నెల్లో ఆడపిల్ల’ కూడా చేర్చండి. చదరంగం ఆటగాడికి ఫోన్ చేసి ఏడిపించే అమ్మాయి. ఎంత హుషారుగా ఉంటదో.

పెన్నాగట్టు (నెల్లూరు)
పేరు చూస్తే నాకు కావలసిందే అనిపిస్తోంది. కొనొచ్చా?

మొలగొలుకులు (కావలి)
ఆగండాగండి. మీ షరతు మళ్ళీ చదువుకోండి: “ఎవరూ చచ్చిపోకూడదు”. ముప్పాతిక భాగం నవ్విస్తుంది, ఆఖర్న మీరు అడగనిదే పెడుతుంది. ఇంతకన్నా చెప్పను.

వేపకొమ్మ (కందుకూరు)
అవును, ఆ షరతు చూడలేదు. దాని బదులు రంగనాయకమ్మ ‘స్వీట్ హోం’. విమల, బుచ్చిబాబు. పెళ్ళితో అయిపోయే కథ కాదు, పెళ్ళయ్యాకే మొదలవుతుంది. ఇంటిపనీ డబ్బూ పంతాలూ, అన్నిటి మీదా మొగుడూ పెళ్ళాల వాదన, వాదన నిండా నవ్వు.

గుండ్లకమ్మ (ఒంగోలు)
పాత ప్రతులు కొనేవాళ్ళకి ఒక మాట. అట్ట, ధర తర్వాత చూద్దురుగానీ, ముందు ఫారాలు (ఒకే కాగితం మడిచి కుట్టిన పేజీల కట్టలు) లెక్కపెట్టండి. ఈ నవలలు ఎక్కువగా 16 పేజీల ఫారాలతో కుట్టినవి. కాబట్టి 16–17, 32–33, 48–49, 64–65 ఇట్టా అతుకు వచ్చే చోట్ల పేజీ నంబరు వరసగా ఉందా, వాక్యం కలుస్తోందా చూడండి. బైండింగులో తప్పు జరిగితే ఒకటి రెండు పేజీలు కాదు, ఏకంగా 16 పేజీలు ఎగిరిపోతాయి. లేదా అవే 16 రెండుసార్లు పడతాయి. అద్దె లైబ్రరీలో తిరిగిన ప్రతుల్లో చివరి ఫారమే మొదట ఊడుతుంది. ప్రేమకథకి ఆ 16 పేజీలే ప్రాణం. ఆఖరి పేజీ దగ్గర “సమాప్తం” లాంటిది లేకపోతే డబ్బులివ్వబాకండి.

వారపత్రికల్లోంచి కత్తిరించి కుట్టించిన సీరియళ్ళకి ఈ లెక్క పనికిరాదు. అక్కడ ప్రతి భాగం మొదట్లో జరిగిన కథ ఉంటుంది. అది ముందు భాగం చివరితో సరిపోతోందో లేదో చూస్తే ఏ వారం తప్పిపోయిందో తెలుస్తుంది. ఇంకో సంగతి, బైండరు కుట్టు వైపు అంచు ఎక్కువగా కోసేస్తే లోపలి వరస అక్షరాలు కుట్టులోకి పోతాయి. పుస్తకం మధ్యకి విప్పి ఒక పేరా చదివి చూడండి.

పెన్నాగట్టు (నెల్లూరు)
గ్రంథాలయంలో వెతికితే?

గుండ్లకమ్మ (ఒంగోలు)
రచయిత్రి ఇంటిపేరుతోనూ, అసలు పేరుతోనూ రెండు చోట్లా వెతకండి. యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన వేరువేరు మనుషులు. “సులోచన” అని అడిగితే ఒకరి బదులు ఇంకొకరిది చేతిలో పెడతారు. రంగనాయకమ్మ పాత ముద్రణల మీద ‘ముప్పాళ్ళ’ ఉంటుంది, తర్వాతి వాటి మీద ఉండదు.

అన్నట్టు మన జిల్లా ఆవిడని మరిచిపోతున్నారు. దొడ్డవరంలో పుట్టిన భానుమతి, ‘అత్తగారి కథలు’. నవల కాదు, ప్రేమకథ అంతకన్నా కాదు. కానీ ఒంగోల్లో ఎక్కి కావలిలో దిగేలోపు ఒకటి రెండు కథలు అయిపోతాయి. అత్తగారి మడీ ఆచారం మీద కోడలు వేసే చెణుకుల్లో విషం ఉండదు, అదీ గొప్ప.

బకింగ్‌హామ్ కాలవ (నెల్లూరు)
ఇంగ్లీషువి నేను చెప్తా. అనుజా చౌహాన్ ‘ద జోయా ఫ్యాక్టర్’, 2008. 1983లో ఇండియా ప్రపంచ కప్పు గెలిచిన క్షణంలో పుట్టిన అమ్మాయి, ఆమెని అదృష్ట దేవత చేసేసిన క్రికెట్ జట్టు, అదృష్టం అంటే ఒళ్ళుమండే కెప్టెన్. హిందీ మాటలు విరివిగా పడతాయి, అర్థం రాసి ఉండదు. ఆగి వెతకబాకండి, రెండు పేజీలు పోతే సందర్భమే చెప్తుంది.

హెలెన్ ఫీల్డింగ్ ‘బ్రిడ్జెట్ జోన్స్ డైరీ’, 1996. రోజు రాత మొదట్లో బరువు, తాగిన సిగరెట్లు, కేలరీలు వరసగా ఉంటాయి. అక్కడే మనవాళ్ళు తడబడేది. బరువు స్టోన్లలో ఉంటుంది. స్టోను అంటే 14 పౌండ్లు, కిలోల్లో సుమారు 6.35. తొమ్మిది స్టోన్లంటే 57 కిలోలు. ఈ లెక్క తెలిస్తేనే జోకు పేలుతుంది: ఆ పిల్ల లావేం కాదు, లావని ఏడుస్తుంది. ఇంకా సరదా కావాలంటే జేన్ ఆస్టిన్ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ ముందు చదవండి. కథ ఎముకలు అక్కడివే, హీరో ఇంటిపేరు డార్సీతో సహా.

వేపకొమ్మ (కందుకూరు)
ఇంగ్లీషు తడుముకుంటూ చదివేవాళ్ళకి?

బకింగ్‌హామ్ కాలవ (నెల్లూరు)
అయితే బ్రిడ్జెట్ వద్దు, సగం సగం వాక్యాలు. సోఫీ కిన్సెల్లా షాపహాలిక్ (అంటే షాపింగ్ పిచ్చి ఉన్న మనిషి) వరసలో మొదటిది, 2000లో వచ్చింది. డబ్బు దాచుకోమని పత్రికల్లో రాసే అమ్మాయి నిండా అప్పుల్లో ఉంటుంది. మధ్యమధ్యలో బ్యాంకు ఉత్తరాలు వస్తుంటాయి. బ్యాంకు వాళ్ళ ఇంగ్లీషు మనకి అలవాటే గదా, అక్కడ ఎవరూ తడుముకోరు.

పెన్నాగట్టు (నెల్లూరు)
రైల్లోకి ‘ప్రేమలేఖ’, ఇంట్లో రోజుకి కాస్త ‘మీనా’. పాత ప్రతి దొరికింది, రెండు భాగాలూ ఉన్నాయి. రెండో భాగంలో 96 తర్వాత 113 ఉంది.

గుండ్లకమ్మ (ఒంగోలు)
ఒక ఫారం సరిగ్గా పోయింది. వెనక్కిచ్చెయ్యండి.