మా లైనుకు రైల్వే పోలీసులను ఎందరిని అడగాలి? లెక్క ఎలా వేయాలి?

మేడ్చల్ బండి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. 2023 ఏప్రిల్‌లో మేడ్చల్ వరకు ఎంఎంటీఎస్ (హైదరాబాద్ లోకల్) రైళ్లు మొదలైనప్పటి నుంచి నేను వాటిలోనే సికింద్రాబాద్‌కు ఉద్యోగానికి వెళ్లివస్తున్నాను. పొద్దున బండిలో కాలు పెట్టే చోటుండదు, భయమూ ఉండదు. సాయంత్రం ఆలస్యమైన రోజునే ఇబ్బంది. మల్కాజిగిరి, సఫిల్‌గూడ, అమ్ముగూడ దాటేసరికి మహిళల పెట్టె సగం ఖాళీ అవుతుంది. అల్వాల్, బొల్లారం దాటాక గుండ్లపోచంపల్లి, గౌడవెల్లి వైపు వెళ్లేవాళ్లం ముగ్గురమో నలుగురమో మిగులుతాం.

పోయిన నెల ఒక రాత్రి నేనొక్కదాన్నే మిగిలాను. ఇద్దరు మగవాళ్లు ఎక్కారు. నన్ను ఏమీ అనలేదు, తలుపు దగ్గర నిలబడి మాట్లాడుకున్నారు, అంతే. కానీ దిగేదాకా నేను ఫోనులో అమ్మతో మాట్లాడుతున్నట్టు నటిస్తూనే ఉన్నాను. అవతల ఎవరూ లేరు.

ఈ లైను మీద రోజూ తిరిగేవాళ్లం నలభై మందిమి కలిసి ఒక వినతిపత్రం రాస్తున్నాం. ప్రతి స్టేషనుకూ ఇద్దరు పోలీసులు కావాలని కొందరు, మేడ్చల్‌లో ఔట్‌పోస్టు (చిన్న పోలీసు చౌకీ) పెట్టమని కొందరు. ఎవరూ ఒప్పుకోని అంకె రాస్తే కాగితం పక్కన పడేస్తారని నా భయం. పోలీసులు ఎందరు కావాలో అధికారులు ఎలా లెక్కిస్తారు? ఆర్‌పీఎఫ్‌ను (రైల్వే రక్షణ దళం) అడగాలా, జీఆర్‌పీనా (ప్రభుత్వ రైల్వే పోలీసు)? ఇంకో సంగతి. కొన్నేళ్ల క్రితం వేరే ఊళ్లో మా చెల్లెలి సంచి ప్యాసింజరు రైలులో పోయింది. ఒక ఠాణావాళ్లు ఇది మా పరిధి కాదని ఇంకో ఠాణాకు పంపారు, వాళ్లు మళ్లీ మొదటిచోటికే పంపారు. రాత్రి పదకొండు దాకా తిరిగి ఇంటికి వచ్చేసింది. అలాంటిది జరగకుండా వినతిపత్రంలో ఏమి రాయాలో కూడా చెప్పండి.

విశ్రాంత హెడ్ కానిస్టేబుల్

అమ్మా, ఫోనులో మాట్లాడుతున్నట్టు నటించానన్న మాట దగ్గర కాసేపు ఆగిపోయాను. ముప్పై ఒక్క ఏళ్లు రైల్వే పోలీసులో చేశాను. కాజీపేట, డోర్నకల్ వైపు బీటు బళ్లలో, అంటే కాపలా డ్యూటీ పడిన రైళ్లలో, రాత్రుళ్లు గడిపినవాణ్ని. ఆ పెట్టెలో ఉండవలసినవాడు మాలో ఒకడు. లేడు. ఎందుకు లేడో తెలిస్తేనే మీ కాగితం సరిగ్గా కుదురుతుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు ఎవరిది ఏ పని అన్నది. జీఆర్‌పీ అంటే రాష్ట్ర పోలీసే. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితాలో పోలీసు అన్న మాట పక్కనే రైల్వే పోలీసు కూడా ఉంది. దొంగతనం, వేధింపు, హత్య ఏది జరిగినా కేసు కట్టి దర్యాప్తు చేసేది మేము. ఆర్‌పీఎఫ్ కేంద్ర బలగం. రైల్వే ఆస్తి కాపలాకని 1957 చట్టంతో ఏర్పడింది, 2003లో చట్టం సవరించి ప్రయాణికుల రక్షణ కూడా దానికి అప్పగించారు. మహిళల పెట్టెలో ఎక్కిన మగవాణ్ని రైల్వే చట్టం 162వ సెక్షన్ కింద పట్టుకునే అధికారం వాళ్లకు ఉంది. మీ చెల్లెలి సంచి వెతికే అధికారం మాది. జీఆర్‌పీ ఖర్చును రాష్ట్రం, రైల్వే చెరి సగం భరిస్తాయి. ఒక్క కొత్త పోస్టు రావాలన్నా ఇద్దరూ సరేననాలి. అందుకని మీ కాగితం డీఆర్‌ఎం (డివిజనల్ రైల్వే మేనేజరు) గారికీ, రైల్వే ఎస్పీ గారికీ ఒకే రోజు అందాలి. ఆర్‌పీఎఫ్ కమాండెంటు కార్యాలయానికీ ఒక ప్రతి ఇవ్వండి. మీ లైను హైదరాబాద్ డివిజనులోది, మీరు దిగే సికింద్రాబాద్ స్టేషను సికింద్రాబాద్ డివిజనులోది. ఆ సంగతి మరిచిపోయి ఒక్కచోటే ఇస్తే ఫైలు తిరగడానికే నెలలు పడతాయి.

ఇప్పుడు లెక్క. ఒక్క చోట ఒక్క మనిషి రాత్రింబవళ్లు ఉండాలంటే వారానికి 168 గంటలు నిండాలి. మనిషికి 48 గంటల పని అనుకుంటే మూడున్నర మంది. సెలవులు, కోర్టు వాయిదాలు, శిక్షణ, జబ్బు కలిపితే అయిదుగురు. స్టేషనుకు ఇద్దరు అన్నారంటే పదిమందిని అడిగినట్టు. మీ లైనులో పన్నెండు స్టేషన్లనుకున్నా 120 మంది. ఎవరూ ఇవ్వరు, ఇవ్వలేరు. ఇచ్చినా రాత్రి పెట్టెలో ఒంటరిగా ఉన్న మీకు ప్లాట్‌ఫారం మీది పోలీసు అర నిమిషం కనబడి వెనక్కి పోతాడు.

ఇంకో మాట. ఇది బయటివాళ్లు ఎవరూ అడగరు, మా పెద్దలు కాగితం మీద రాయరు. రైల్వే పోలీసు మనుషులను తినేసేది దొంగలు కాదమ్మా, పట్టాల మీది శవాలు. పట్టాలు దాటుతూ బండి కింద పడినవాళ్లు, తలుపు దగ్గర నిలబడి జారినవాళ్లు, బతుకు విసిగి వచ్చినవాళ్లు. స్టేషను మాస్టరు మెమో రాగానే ఇద్దరు బయలుదేరాలి. మైలు రాయి నంబరు వెతుక్కుంటూ కంకర మీద నడవాలి. శవ పంచనామా రాయాలి, పంచులుగా సంతకం పెట్టేవాళ్లను బతిమాలాలి, బండి మాట్లాడాలి, మార్చురీకి చేర్చాలి, పోస్టుమార్టం అయ్యేదాకా కూర్చోవాలి. ఎవరో తెలియని మనిషైతే ఫోటో, ఒంటి మీది గుర్తులు, చొక్కా కాలరు మీది దర్జీ పట్టీ రాసుకుని ఊరూరికీ కబురు పెట్టాలి. 72 గంటలు చూసి ఎవరూ రాకపోతే అంత్యక్రియలు మా చేతుల మీదుగానే. నేను ఎన్ని చేశానో లెక్క రాసుకోలేదు. ఒకసారి జేబులో బడికి కట్టిన ఫీజు రసీదు దొరికింది. దాన్ని పట్టుకుని రెండు రోజులు తిరిగి ఇల్లు కనుక్కున్నాం. ఆ రెండు రోజులూ నా బీటు బండి పోలీసు లేకుండానే వెళ్లింది.

రోల్‌కాల్‌లో పదిమంది నిలబడితే ఇద్దరు శవం మీద, ఒకరు మార్చురీలో, ఇద్దరు కోర్టులో, ఒకరు ముద్దాయిని జైలుకు తీసుకెళ్లే ఎస్కార్టులో, ఒకరు ఠాణా రాతపని చూసే రైటరు, ఒకరు సెంట్రీ. మిగిలిన ఇద్దరినీ నిమజ్జనం బందోబస్తుకో మేడారం జాతర రద్దీకో పంపితే ఇక బండికి ఎవరు? అందుకే మీ వినతిపత్రంలో మొదటి కోరికగా పోలీసులను అడగకండి. మీ లైనులో జనం రోజూ పట్టాలు దాటే చోట్లు గుర్తించి, అక్కడ పాదచారుల వంతెన, మిగిలినచోట ప్రహరీ అడగండి. ఒక్క వంతెనతో ఏడాదిలో నాలుగు ప్రాణాలు నిలిచినా, అవి నిలవడమే చాలు. దానితోపాటు మా ఠాణాకు మనుషుల రోజులు ఎన్నో మిగులుతాయి. పట్టాలు దాటితే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలో, వెయ్యి రూపాయల దాకా జరిమానానో, రెండూనో ఉన్నాయి. పట్టాలకు అవతలివైపు ఇల్లున్నవాణ్ని ఆ సెక్షన్ ఆపలేదు, వంతెన ఆపుతుంది.

రెండో కోరిక టైంటేబుల్‌ను బట్టి రాయండి. సాయంత్రం ఏ బండి ఏ స్టేషను తర్వాత ఖాళీ అవుతుందో మీకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. రెండు వారాలు మీ నలభై మందీ ఆ పెట్టెలో ఎందరు మిగిలారో రాయండి. చివరి రెండు బళ్లలో మహిళల పెట్టెలో ఇద్దరిని ఎక్కించండి, మేడ్చల్‌లో అందరూ దిగేదాకా ఉంచండి అని అడిగితే, సెలవుల లెక్క కలిపినా ఆరేడుగురితో తీరిపోయే పని అది. ఎస్పీ గారు ఆ రాత్రికే ఆర్డరు వేయగలరు, కొత్త పోస్టు మంజూరు కోసం చూడనక్కర లేదు. ఒకటి మాత్రం తప్పకుండా రాయండి: వాళ్లు తిరిగి వచ్చేందుకు బండి ఏది? మేడ్చల్‌లో రాత్రి దిగినవాడు తెల్లవారేదాకా ఎక్కడ పడుకోవాలి? ఆడ కానిస్టేబుల్ అయితే ఎక్కడ ఉండాలి? బీటు డ్యూటీలు కాగితం మీదే మిగిలిపోయేది ఇక్కడే. నేను ఎన్నో రాత్రులు పార్సిలు ఆఫీసు బల్ల మీద పడుకున్నాను, మా ఆడపిల్లలను అలా పడుకోమనలేం. ఔట్‌పోస్టు అడిగేవాళ్లు తాళమున్న గది, మరుగుదొడ్డి, ఫోను ఉన్న ఔట్‌పోస్టు అని విడమరిచి అడగండి.

కల్యాణ్ తెలుగు

పెద్దాయన చెప్పిన శవాల సంగతి ముంబయి లైన్లలో ఉండేవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఇక్కడి సబర్బన్ లైన్ల మీద ఏటా రెండు వేల మందికి పైగా చనిపోతున్నారు. వంతెనలు, గోడలు కట్టమని ప్రయాణికుల సంఘాలు ఎన్నో ఏళ్లుగా పోరాడుతున్నాయి.

రాత్రి మహిళల పెట్టెలో ఇక్కడ జీఆర్‌పీ కానిస్టేబులో హోంగార్డో ఎక్కుతారు. పదిహేడేళ్లుగా కల్యాణ్ బళ్లలో తిరుగుతున్న అనుభవంతో చెబుతున్నాను, యూనిఫాంలో ఒక్క మనిషి కూర్చుంటే చాలు, పెట్టెలో అందరూ కాళ్లు చాపుకుని నిద్రపోతారు. అయితే అన్ని పెట్టెలకూ మనిషి దొరకడు. మహిళల పెట్టెలు బండిలో రెండు మూడు చోట్ల విడివిడిగా ఉంటాయి. రాత్రిపూట మేమందరం పోలీసు ఎక్కిన పెట్టెలోకే చేరతాం. మీరూ చివరి బళ్లలో ఫలానా పెట్టెలోనే పోలీసు ఉంటారని ప్లాట్‌ఫారం మీద బోర్డు పెట్టమని అడగండి. ఇద్దరు పోలీసులు సరిపోతారు.

కంప్యూటర్ కుర్రాడు

పోలీసుల కోసం ఎదురుచూడటం కంటే ప్రతి పెట్టెలో కెమెరాలు అడగటం మంచిది కదా? ఒకసారి ఖర్చు పెడితే ఏళ్లపాటు ఉంటాయి.

విశ్రాంత హెడ్ కానిస్టేబుల్

బాబూ, కెమెరా కావాలి, వద్దనను. దొంగను పట్టడంలో దానికి మించిన సాక్షి లేదు. కానీ అది తెల్లవారి పని. ఆ అమ్మాయికి కావలసింది బొల్లారం, మేడ్చల్ మధ్యలో ఒక మనిషి. కెమెరా బొమ్మను అప్పటికప్పుడు చూసేవాడు ఎక్కడో ఒక గదిలో ఉండాలి, చూసి పంపడానికి తర్వాతి స్టేషనులో ఒకడుండాలి. వాళ్లూ మనుషులే. ఆ మనుషులను లెక్కలో వేయకుండా కెమెరాల పథకం ఎవరు రాసినా నేను ఒప్పుకోను.

విజయనగరం

అయ్యా, నాదొక సందేహం. మాకు విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోను ఇచ్చారు కదా. జోను మారితే పోలీసు పరిధి కూడా మారుతుందా? కొత్తవలస–కిరండూల్ లైనులో గంజాయి మూటల తనిఖీ చూస్తుంటాను. ఆ లైను మూడు రాష్ట్రాల్లో పోతుంది.

విశ్రాంత హెడ్ కానిస్టేబుల్

జోను, డివిజను హద్దులు రైల్వేవి. వాటితో ఆర్‌పీఎఫ్ ఏర్పాట్లు మారతాయి. జీఆర్‌పీ హద్దు రాష్ట్రం హద్దు. వాల్తేరు డివిజనును విశాఖపట్నం, రాయగడ అని రెండుగా విడదీసినా, ఆంధ్రలో ఉన్నంతవరకు ఆంధ్ర పోలీసుదే కేసు, ఒడిశాలో ఒడిశాది, ఛత్తీస్‌గఢ్‌లో వాళ్లది. అదే బండి, అదే దొంగ, మూడు ఠాణాలు. గంజాయి పట్టుకునే అధికారం 2019లో ఆర్‌పీఎఫ్‌కు కూడా ఇచ్చారు, రాష్ట్రం హద్దు వాళ్లకు అడ్డం రాదు కాబట్టి ఆ లైనులో అది మేలు చేసింది. కొత్త జోను పెట్టినప్పుడే మూడు రాష్ట్రాల రైల్వే పోలీసులనూ నెలకొకసారి ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. భవనం కంటే ముందు జరగాల్సిన పని అది.

మేడ్చల్ అమ్మాయి అడిగిన పరిధి గొడవ కూడా దీనిలాంటిదే. అమ్మా, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్ చూడండి. నేరం ఎక్కడ జరిగినా, ఏ ఠాణాలో చెప్పినా రాసుకోవాలి. జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. రాసుకుని, పరిధి ఉన్న ఠాణాకు పంపుకోవడం వాళ్ల పని. మీ చెల్లెలిని తిప్పినట్టు ఎవరినీ తిప్పకూడదు. నడుస్తున్న బండిలో అయితే టీటీఈ (టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగి) దగ్గరో గార్డు దగ్గరో ఎస్కార్టు పోలీసు దగ్గరో ఫిర్యాదు కాగితం తీసుకుని రాసివ్వవచ్చు, దిగనక్కర లేదు. ఫోనులో చెప్పాలంటే రైల్వే హెల్ప్‌లైను 139. మీ లైనులో టీటీఈ ఎప్పుడో గానీ కనబడడు కాబట్టి ఆ కాగితాలు సికింద్రాబాద్, మేడ్చల్ బుకింగ్ కౌంటర్లలో ఉంచాలని మూడో కోరికగా రాయండి.

మేడ్చల్ బండి

మీ మాట చదివిన మర్నాడే లెక్క మొదలుపెట్టాం. పద్నాలుగు రోజులు పూర్తయ్యాయి. చివరి బండిలో అల్వాల్ దాటాక మహిళల పెట్టెలో అయిదుగురి కంటే తక్కువ ఉన్న రాత్రులు పదకొండు. ఒక్కరే మిగిలినవి మూడు. ఆ మూడింట్లో రెండుసార్లు ఒకే ఆమె, ఆసుపత్రిలో ఆయాగా చేస్తుంది. మా సంఘంలో లేదు, మేమే వెళ్లి మాట్లాడాం. తనకు సంతకం రాదంటే వేలిముద్ర తీసుకున్నాం. పట్టాలు దాటే చోట్లు నాలుగు గుర్తించాం. ఒకచోట బడిపిల్లలే ఎక్కువ. ఆ పేజీ మొదట పెట్టాలా, పోలీసుల కోరిక మొదట పెట్టాలా అని మాలో వాదన నడుస్తోంది. మీరేమంటారు?

విశ్రాంత హెడ్ కానిస్టేబుల్

బడిపిల్లల పేజీ మొదట పెట్టండి. దాని వెనకే ఒక్కరే మిగిలిన ఆ మూడు రాత్రుల లెక్క, తేదీ, బండి నంబరుతో సహా. ఒక్కొక్క కార్యాలయంలో మీ ప్రతి మీద తేదీ ముద్ర వేయించుకుని తెచ్చుకోండి. ఎస్పీ కార్యాలయానికి వెళ్లేరోజు ఆ ఆసుపత్రి ఆయమ్మను కూడా తీసుకెళ్లండి, ఆమె మాట ఆమే చెప్పాలి. నేను బోడుప్పల్‌లో ఉంటాను, కబురు పెడితే నేనూ వస్తాను.