డిగ్రీ లేని పళ్ల వైద్యుడిపై కేసును హైకోర్టు కొట్టేయొచ్చా?

తులసికోట: బీడీఎస్ (పళ్ల వైద్యం డిగ్రీ) లేదు, రిజిస్ట్రేషన్ లేదు, అయినా పళ్లు పీకుతాడు. పోలీసులు కేసు పెడితే హైకోర్టుకెళ్లి దాన్ని క్వాష్ చేయించుకుంటాడు, అంటే కొట్టేయించుకుంటాడు. ఫిర్యాదు ఇవ్వాల్సినవాళ్లు ఇవ్వలేదట! ఇదేం న్యాయమండీ?

వాయిదాలరాజు: అది సాకు కాదండీ, చట్టమే అలా చెప్పింది. 1948 దంతవైద్యుల చట్టం సెక్షన్ 52 చూడండి. రాష్ట్ర ప్రభుత్వమో రాష్ట్ర డెంటల్ కౌన్సిలో (పళ్ల డాక్టర్లను రిజిస్టర్ చేసే సంస్థ) ఆదేశించి ఫిర్యాదు చేయిస్తేనే కోర్టు ఆ నేరాన్ని విచారణకు తీసుకోవాలి. పోలీసు చార్జిషీటు చాలదు. కౌన్సిల్ నిద్రపోతే తప్పు జడ్జిగారిదా?

చిగురుమామిడి: నేను డెంటిస్టుని. మీ సెక్షన్లు నా కుర్చీలో కూర్చునే పేషెంట్‌కి పనికిరావు. సెల్ఫ్‌క్యూర్ యాక్రిలిక్‌తో (తనంతట తానే గట్టిపడే ప్లాస్టిక్) పన్ను చేసి, తీగ చుట్టి, పక్క పళ్లకు శాశ్వతంగా అతికించేస్తారు. బ్రష్ దూరదు, కింద తిండి ఇరుక్కుని చిగురు కుళ్లుతుంది. ఆ కట్టుడు పన్ను కోసి తీసేసరికి బాగున్న పక్క పళ్లు కూడా కదులుతుంటాయి. సూదులు, ఫోర్‌సెప్స్ (పళ్లు పీకే పట్టకారు) సరిగ్గా స్టెరిలైజ్ చేయకపోతే హెపటైటిస్ బి భయం వేరే. ఇంత జరిగితే చీటింగ్ కేసైనా నిలబడదా?

వాయిదాలరాజు: నిలబడొచ్చు. సెక్షన్ 52 అడ్డు ఆ చట్టం కింది నేరాలకే. 2014లో ఇసుక దొంగతనం కేసులో (ఢిల్లీ ప్రభుత్వం వర్సెస్ సంజయ్) సుప్రీంకోర్టు ఇలాంటి మాటే చెప్పింది: గనుల చట్టం కింద అధికారి ఫిర్యాదు తప్పనిసరే, కానీ ఐపీసీ దొంగతనం కేసుకు అది అడ్డు కాదు. అదే తర్కం ఇక్కడా వాదించొచ్చు. కాకపోతే చీటింగ్‌కి మోసం చూపించాలి. బోర్డు మీద 'డాక్టర్' అని రాశాడా, బీడీఎస్ అని చెప్పి డబ్బు తీసుకున్నాడా? ఎఫ్ఐఆర్‌లో అదేమీ లేకుండా 'అర్హత లేదు' అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే, ఇప్పటి బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 528 (పాత సీఆర్‌పీసీ 482) కింద హైకోర్టులో కేసు ఎగిరిపోతుంది. నా లెక్కలో చాలా కేసులు చచ్చేది స్టేషన్‌లోనే, హైకోర్టులో కాదు. పైగా సాంకేతిక కారణంతో క్వాష్ అయితే నిర్దోషి అని తేలినట్టు కాదు, కౌన్సిల్ మళ్లీ ఫిర్యాదు వేయొచ్చు.

తులసికోట: వేస్తే శిక్ష ఎంత?

వాయిదాలరాజు: 1948 చట్టం సెక్షన్ 49 పెట్టింది మొదటిసారి 500 రూపాయల దాకా జరిమానా. జైలు రెండోసారి నుంచే, అదీ 6 నెలల లోపు. మొదటిసారికి జరిమానా మాత్రమే కాబట్టి కోర్టుకెళ్లే గడువు కూడా 6 నెలలే.

చిగురుమామిడి: 500కి ఇప్పుడు ఎక్స్‌రే కూడా కష్టం సార్.