ఒక్క రోజులో నలుగురు పాత దోస్తులు: మహబూబ్‌నగర్ నుంచి నల్లగొండ దాకా రూటు, బండి సంగతి చెప్పండి

పాలమూరు బ్యాచ్:
అందరికీ నమస్తే. మాది 2000 సంవత్సరం పదో తరగతి బ్యాచ్. నలుగురు దోస్తులు కల్వకుర్తి, దేవరకొండ, హాలియా, నల్లగొండలో ఉన్నారు. వచ్చే ఆదివారం నలుగురినీ ఇళ్లకు వెళ్లి కలిసి రావాలి. అందరినీ ఒక్కచోటికి రమ్మనే వీలు లేదు. హాలియా అతను మంచంలో ఉన్న అమ్మను విడిచి రాలేడు, కల్వకుర్తి అతనిది కిరాణా దుకాణం.

పొద్దున ఆరింటికి మహబూబ్‌నగర్‌లో బయలుదేరి కల్వకుర్తిలో టిఫిన్, దేవరకొండలో చాయ్, హాలియాలో భోజనం, సాయంత్రం నల్లగొండ, రాత్రికి వాపస్ అనుకుంటున్నాం. బండి 2016 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, రెండు నెలలుగా తియ్యలేదు. ముగ్గురం వస్తాం, నడిపేది నేనొక్కణ్ణే. వీలైతే సాగర్ కూడా చూద్దామని ఒకాయన అంటున్నాడు. అవుతుందా?

నల్లగొండ రోడ్లు:
అవుతది, కానీ మీ వరుస తిరగెయ్యాలె. మీ లెక్కల నల్లగొండ నుంచి వాపసు వచ్చే దాదాపు 170 కిలోమీటర్లు మొత్తం చీకట్ల పడుతున్నయి, అది కూడ అలిసిపోయినంక.

ఇప్పుడు వడ్ల కోతలు నడుస్తున్నయి. కల్లాలు చాలక రోడ్డు మీదనే ఒక పక్క ఆరబోస్తరు. పొద్దుగూకితే కుప్పజేసి నల్ల టార్పాలిన్ కప్పి, గాలికి లేవకుండ చుట్టూ బండరాళ్లు పెడతరు. రాత్రి ఆ నల్ల పట్ట తారురోడ్డుల కలిసిపోతది, ఎదురుంగ లారీ లైట్లు కొడితే అసలే కనబడదు. 60 స్పీడు మీద ఉన్న బండి, మనం చూసి బ్రేకు కొట్టి ఆగేసరికి దగ్గరదగ్గర 40 మీటర్లు పోతది. డిమ్ లైటుల రాయి కనబడేది కూడ ఇంచుమించు అంతే దూరం నుంచి. పగలైనా ఆరబోసిన వడ్ల మీద బ్రేకు కొట్టొద్దు, గోళీల మీద ఎక్కినట్టు టైరు జారుతది. రైతును తిట్టి లాభం లేదు, తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంల వడ్లు తీసుకోరు.

అందుకే పొద్దున చీకట్ల నాలుగు లైన్ల రోడ్డు పట్టుకోండి. ఐదింటికి బయలెల్లి జడ్చర్ల, ఎన్‌హెచ్ 44 మీద శంషాబాద్, అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగి, ఎన్‌హెచ్ 65 మీద చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి నుంచి కుడికి నల్లగొండ. దాదాపు 200 కిలోమీటర్లు, దూరం ఎక్కువే గానీ ఎనిమిదిన్నరకు టిఫిన్ టైముకు చేరతరు. పది గంటలకు లేస్తే పదకొండుకు హాలియా. పన్నెండున్నరకు అక్కడ కదిలి కొండమల్లేపల్లి మీదుగ దేవరకొండ, భోజనం అక్కడ. మూడున్నరకు కచ్చితంగ లేవాలె. చీకటి పడకముందే కల్వకుర్తి. ఇక ఇంటికి మిగిలేది 60 కిలోమీటర్ల చిల్లర, అది మీకు తెలిసిన రోడ్డే. యాడన్న గంట ఆలస్యమైనా నష్టం తక్కువ.

కార్తీకంల అయితే ఆదివారం సాయంత్రం కల్వకుర్తికి వచ్చే దారిల శ్రీశైలం నుంచి వాపసు వచ్చే బండ్లతోటి జామ్ ఉండొచ్చు. దోస్తు దుకాణం ఏ పక్కన్నో ముందే అడిగి పెట్టుకోండి.

ఫాస్టాగ్ కూడ చూస్కోండి. రాయకల్, పంతంగి రెండు టోల్‌గేట్లు, ఔటర్ టోల్ వేరే. ట్యాగు పనిచెయ్యకపోతే జాతీయ రహదారి టోల్ దగ్గర యూపీఐకి 1.25 రెట్లు కట్టాలె.

షెడ్డు పని:
బండిని శనివారం దాకా ఆపకండి, బుధవారమే తియ్యండి. సామాను ఏదన్న కావాల్నంటే తెచ్చుకునే టైం ఉంటది.

మొదలు బానెట్ లేపి ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పండి. లోపల గడ్డి, గుడ్డపేలికలు ఉన్నయంటే ఎలుక కాపురం పెట్టింది, వైర్లు కూడ కొరికి ఉంటది. బ్యాటరీకి రాత్రంతా ఆగినంక మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులు రావాలె, 12.4 కంటె తక్కువుంటే చార్జింగు పెట్టించండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 దాకా చూపాలె. అంత రాకపోతే తప్పు బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్‌దో, దాన్ని తిప్పే బెల్టుదో.

హ్యాండ్‌బ్రేక్ గుంజి పెట్టి ఉంటే వెనక డ్రమ్ముల షూలు అతుక్కుంటయి. ఐదు కిలోమీటర్లు మెల్లగ నడిపి, బ్రేకు ఎక్కువ వాడకుండ ఆపండి. దిగి నాలుగు రిమ్ముల దగ్గర అరచెయ్యి పెట్టండి, ముట్టుకోకుండ నాలుగు వేళ్ల దూరంల. వెనక రెండిట్ల ఒక్కదాని దగ్గరనే సెగ తగిలితే, కాలిన వాసనొస్తే అది పట్టేసింది. అట్లనే హైవే ఎక్కితే బ్రేకు వేడెక్కి అసలు టైంల పట్టదు.

కూలెంట్ తగ్గితే బోరు నీళ్లు పొయ్యకండి. మన దిక్కు బోరు నీళ్లు గట్టివి, రేడియేటర్ల తెల్లగ గార కడుతది, ఆ గారకే ఇంజిన్ హీటెక్కుతది. నీళ్లు ముందే కలిపి అమ్మే కూలెంట్ డబ్బా తెచ్చి, ఇంజిన్ చల్లగున్నప్పుడు మ్యాక్స్ గీత దాకా పొయ్యండి. ఏసీ వేసి నిలబడితే ముందర ఫ్యాన్ తిరగాలె.

గాలి పొద్దున్నే, టైర్లు చల్లగున్నప్పుడు, డ్రైవర్ డోరు పక్క స్టిక్కర్ మీద రాసినంత. దారిల చూస్తే మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ చూపిస్తది, అది వేడికి. అది చూసి గాలి తీసేస్తే టైరు పక్కలు నలిగి ఇంకా వేడెక్కుతయి, పేలేది అట్లనే.

దేవరకొండ వాసి:
రూటు సంగతి పైన అన్న బాగా చెప్పారు. ఆలస్యమయ్యేది రోడ్డు మీద కాదు, ఇళ్లల్లో. చెప్పకుండా వెళ్తే నలుగురి ఇళ్లలోనూ కూర వండి పెడతారు, తినకుండా లేవనియ్యరు. గురువారమే ఫోన్ చేసి ఎక్కడ టిఫిన్, ఎక్కడ భోజనం, ఎక్కడ ఒట్టి చాయో తేల్చి చెప్పండి. ఆ మాట వదినలకు, చెల్లెళ్లకు కూడా చెప్పాలి, వండేది వాళ్లే కాబట్టి. హాలియాలో భోజనం వద్దనడం మంచిది. మంచంలో ఉన్న మనిషిని చూసుకుంటూ వంట పెట్టుకోవడం ఆ ఇంటికి బరువు. పండ్లు పట్టుకెళ్లి అమ్మ దగ్గర గంటసేపు కూర్చోండి, చాలు.

కల్లు సంగతి ముందే తెగ్గొట్టండి. పాత దోస్తు తాటి కల్లు తెప్పించి 'ఒక్క గిలాసే' అంటాడు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. కేసు అటుంచి, భోజనం మీద కల్లు పడితే మూడింటికి కళ్లు మూతపడతాయి. తాగకపోయినా తిన్నాక 20 నిమిషాలు కునుకు తీసి, మొహం కడుక్కుని స్టీరింగ్ పట్టుకోండి.

సాగర్ ఈసారికి వదిలెయ్యండి. నాగార్జునకొండ లాంచీ ఎక్కితే సగం రోజు అక్కడే పోతుంది.

పదో తరగతి గ్రూపు ఫొటో ఎవరి దగ్గరున్నా నాలుగు కాపీలు తీయించుకెళ్లండి. ఫ్రేము అద్దం తీసి, ఎండ నేరుగా పడని చోట, ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో తీస్తే మెరుపు రాదు. కాపీల వెనక వైపు పేర్లు వరుసగా రాయండి.

పాలమూరు బ్యాచ్:
వరుస మార్చేశాం, సాగర్ తీసేశాం. ఒక్క డౌటు. స్టెప్నీ మీద 0916 అని ఉంది. ఒక్కసారి కూడా వాడలేదు, గీతలు కొత్తగా ఉన్నాయి. పనికొస్తుందా?

షెడ్డు పని:
అది 2016ల తొమ్మిదో వారం తయారైన టైరు. గీతలున్నా రబ్బరు గట్టిపడి ఉంటది. పక్కన వేలితో వంచి చూస్తే సన్న పగుళ్లు కనబడితే మార్చండి. పగుళ్లు లేకున్నా పంక్చర్ షాపు దాకనే, 50 స్పీడు దాటకుండ. గాలి 35 పెట్టించండి, డిక్కీల పడున్న టైరుకు గాలి దిగుతనే ఉంటది. ఇంటి దగ్గరనే పానా పెట్టి నాలుగు చక్రాల నట్లు ఒకసారి వదులు చేసి మళ్ల బిగించండి. షాపుల గన్నుతోటి బిగించిన నట్లు దారిల చేతి పానాకు రావు. డిక్కీల ఒక చెక్క పలక వేస్కోండి. రోడ్డు పక్క రేగడి మట్టిల జాకీ దిగబడుతది.